ఐదో వరసలో తప్పుంటే ఫారం మొత్తం పోవాలా?



స్కాలర్‌షిప్ ఫారంలో కుటుంబ సభ్యుల వివరాలు వరసగా నింపుతాం. ఐదో వరసలో ఆధార్ అంకె ఒకటి తగ్గితే 'వివరాలు సరిగా లేవు' అని ఒక్క ముక్క చెప్పి, నింపిందంతా ఖాళీ చేసేస్తది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కినోళ్లకి ఆ మంట తెలుసు.

ఇది చేతగాని పనేం కాదు. కోడింగ్ నేర్చుకుంటున్న మనోళ్లు చూడండి. లారావెల్‌లో 'మెంబర్స్ డాట్ స్టార్ డాట్ ఆధార్' అని ఒక్క నియమం రాస్తే ప్రతి వరసనీ విడిగా చూస్తది, తప్పు ఏ వరసదో నంబరుతో చెప్తది (లెక్క సున్నా నుంచి, కాబట్టి ఐదోది 4 అవుతది). తప్పొచ్చి వెనక్కి వస్తే 'ఓల్డ్'తో పాత వరసలన్నీ మళ్లీ గీయొచ్చు. ఆ నాలుగు లైన్లు రాయకపోవడం బద్ధకమే అంటాం మేము.

ఇంకో మాట. 'డిస్టింక్ట్' అని పెడితే ఒకే నంబరు రెండు వరసల్లో రానివ్వదు. ఆధార్‌కి అది ఉండాల్సిందే. ఫోన్‌కి మాత్రం వద్దు. ఇంటికంతా ఒకటే ఫోన్ ఉన్న గూడెంలో అమ్మ వరసలో రాసిన నంబరే నాన్న వరసలోనూ రాయాలి కదా! ఫోన్ గడి 'రిక్వైర్డ్' కూడా అయితే ఆ పిల్ల ఫారం ఎట్లా పంపుద్ది?