జ్వరం వచ్చిన ఇంట సూపు పొట్లమెందుకు?



మన కోనసీమలో ఎవరికైనా జ్వరం వస్తే జరిగే తంతు మీరెరిగినదే. మొదటిరోజు ‘లంఖణం పరమౌషధం’ అంటూ పెద్దలు పస్తు పెడతారు. రెండవరోజు పరామర్శకు వచ్చినవారు బ్రెడ్డు తెస్తారు. మూడవరోజు అమలాపురం నుంచో, రాజోలు నుంచో సూపు పొట్లం దిగుతుంది. ఆ ఇంటి పొయ్యిమీద చారు మరుగుతూనే ఉంటుంది. అది మాత్రం రోగికి పనికిరాదట! ఈ అవివేకాన్ని నేను ఖండిస్తున్నాను.

ముందుగా నా తప్పు ఒప్పుకొంటాను. ప్రభుత్వ వైద్యుడిగా ఉన్న రోజులలో ‘అన్నం వద్దు, బ్రెడ్డు పెట్టండి’ అని నేనూ చెప్పాను. అది నేను చదివిన ఏ వైద్యగ్రంథమూ నేర్పిన మాట కాదు. బయట రోగులు బారులు తీరి ఉన్నప్పుడు నోటికి తేలికగా వచ్చిన మాట. వరి పండించే నేలమీద, జ్వరానికి అన్నమే శత్రువని నమ్మించినవారిలో నేనూ ఒకడిని. తలచుకొంటే నేటికీ సిగ్గు కలుగుతుంది.

శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెంటీగ్రేడు పెరిగితే, ఒంటికి కావలసిన శక్తి సుమారు 10 శాతం పెరుగుతుంది. చెమటతో నీరు, ఉప్పు పోతాయి. అటువంటి వేళ పస్తు పెట్టడమంటే పని పెంచి కూడు తగ్గించడమే. గంజిలోని పిండిపదార్థం పేగులలో గ్లూకోజుగా మారి, ఉప్పును, దానితోపాటు నీటిని రక్తంలోకి చేరుస్తుంది. ఓఆర్‌ఎస్‌కు ఆధారమూ ఈ సూత్రమే. 1971లో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులను కాపాడినది దీనితోనే. అయితే విరేచనాలు తీవ్రంగా ఉంటే గంజిని నమ్ముకోకండి. ఓఆర్‌ఎస్‌నే, పొట్లంపై చెప్పిన కొలత నీటిలో కలిపి తాగించండి.

ఇక సూపు పొట్లం వెనుకవైపు చదవండి. బరువులో ఎక్కువ ఉన్న పదార్థాన్ని ముందు రాయాలన్నది నియమం. చాలావాటిలో మొక్కజొన్న పిండి, మైదా, చక్కెర, ఉప్పు ముందుంటాయి. బొమ్మలో నిగనిగలాడిన క్యారెట్టు ఎక్కడో వెనుక కనిపిస్తుంది. రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తపోటు ఉన్న వృద్ధునికి ఉప్పు కలిపిన పిండినీళ్లు పట్టడం ఏపాటి ఉపచారం?

‘సూపు’ అంటే గౌరవం, ‘చారు’ అంటే చులకన! ఆంగ్లేయులు ఇష్టపడిన ‘మల్లిగటానీ’ సూపు పేరుకు మూలం తమిళంలోని ‘మిళగు తణ్ణీర్’, అంటే మిరియాల నీళ్లు. చైనావారి బియ్యపు జావను ఆంగ్లంలో ‘కాంజీ’ అంటారు. ఆ పేరూ తమిళం నుంచి వెళ్లినదే, మన ‘గంజి’కి తోబుట్టువే. చైనాలోనూ, జపానులోనూ ఒంట్లో బాగాలేనివారికి నేటికీ అన్నపు జావ పెడతారు. వారికి లేని నామోషీ మనకెందుకు?

గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు, ఎనిమిది గ్లాసుల నీరు తీసుకోండి. లేత ఆనపకాయ ముక్కలు కూడా వేసి మెత్తగా ఉడికించండి. జీలకర్ర, మిరియాల పొడి, కొద్దిగా ఉప్పు, చెంచాడు నెయ్యి చేర్చండి. పక్కన పలుచని చారు ఉంచండి. మధుమేహం ఉన్నవారికి బియ్యం తగ్గించి పప్పు పెంచండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తమ వైద్యుని సలహా తీసుకోవాలి.

చారు ఆహారమే కానీ మందు కాదు. డెంగీని చారుతో కుదురుస్తామనేవారిని నమ్మకండి. జ్వరం మూడు రోజులు దాటినా, ఆయాసం, మగత, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం వంటివి కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఈసారి పరామర్శకు వెళ్లేటప్పుడు దుకాణం దగ్గర ఆగకండి. క్యారియరులో వేడి జావ తీసుకువెళ్లండి. రోగి పక్కన కూర్చుని, తినేదాకా ఉండి రండి.