పోలిక నేరమా?

మన యిండ్లలో బిడ్డ పుట్టిన నాటినుండి పోలికలు వెదకుట యొక వేడుక. ముక్కు తాతగారిది, కన్నులు తల్లివి, నడక మేనమామది. ఒక్కొక్క యవయవమునకు నొక్కొక్క హక్కుదారు సిద్ధముగా నుండును. ఆ బిడ్డయే నాలుగేండ్లు నిండినను బేరు పెట్టి పిలిచిన బలుకక, తిరుగుచున్న పంకాను గంటలకొలది చూచుచు, గుమ్మమునొద్ద చెప్పుల వరుస తప్పినచో గుక్కపట్టి యేడ్చుచుండగా, వైద్యులు పరీక్షించి యిది ఆటిజమని చెప్పుదురు. అంతట హక్కుదారు లందఱు నొక్కుమ్మడిగా మాయమగుదురు. మా వంశమున నిట్టిది లేదని తండ్రివైపువారు. మా యింట నసలే లేదని తల్లివైపువారు. తుదకు నింద యెవరిపై బడును? నవమాసములు మోసినదానిపై. గ్రహణమునాడు గడప దాటినదట! ఉద్యోగమునకు బోయి బిడ్డతో మాటలాడలేదట! చేతికి ఫోను నిచ్చి చెడగొట్టినదట!

పాఠకులారా! ఈ న్యాయస్థానమున సాక్ష్యము విచారించినవా రెవరు?

సాక్ష్య మింటిలోనే యున్నది. రాత్రి దీప మార్పిన పిదప తల్లిదండ్రులు తమలో దాము మెల్లగా జెప్పుకొను మాట లాలకింపుడు. "పెండ్లిపందిట మేళము మ్రోగగానే నేనును బెరటిలోనికి బాఱిపోయెడివాడను" అని తండ్రి యనును. "చొక్కా మెడవెనుక గుట్టిన చీటీ తగిలినచో నాకు నేటికిని బ్రాణము నిలువదు" అని తల్లి యనును. తాతగారు రైళ్ల వేళలన్నియు గంఠస్థము చేసినవారు. కంచము, పీట, చెంబు చోటు మాఱినచో ఆ పూట వారికి భోజనము లేదు. తాతయందు దీనికి నిష్ఠ యని పేరు. తండ్రియందు గ్రమశిక్షణము. మేనత్తయందు జాదస్తము. మనుమనియందు మాత్రము వంశమునకు మచ్చ! చాదస్తముగల ప్రతివానికిని ఆటిజ మున్నదని నా వాదము గాదు. ఒక్క పోకడకే నాలుగు పేర్లు పెట్టి, పెద్దలకు గౌరవమును, బిన్నలకు సిగ్గును బంచిపెట్టుట యే ధర్మమని నా ప్రశ్న.

ఈ పోలికను జూచి తప్పుగా జదివినవారు మనవారు మాత్రమే కారు. 1943లో అమెరికాదేశమున లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లల చరిత్రలు ప్రకటించి, ఆటిజమును బ్రత్యేకస్థితిగా వర్ణించెను. ఇది పుట్టుకతో వచ్చునదని యాయనయే వ్రాసెను. వారి తల్లిదండ్రుల పట్టింపులను, ముభావమును గూడ గమనించెను. కాని 1949 నాటికి, ఆ పిల్లలు మంచు కరగని శీతలపేటికలో నుంచబడినట్లు పెరిగిరని వ్రాసెను. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ అనునాతడు గ్రంథము వ్రాసి తల్లిదండ్రులనే దోషులుగా నిలువబెట్టెను. చూచిన పోలిక నిజము. చెప్పిన తీర్పు అబద్ధము. పెద్దల ముభావము బిడ్డకు రోగమై యంటలేదు. ఇరువురును నొక్క చెట్టు కొమ్మలు.

ఆటిజముగల కుమారునికి దండ్రియైన బెర్నార్డ్ రిమ్‌లాండ్ 1964లోనే యా నిందను ఖండించియుండెను. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అనువారు, ఒక్కరికైనను ఆటిజముగల కవలలను బరీక్షించిరి. ఏకరూప కవలల 11 జంటలలో 4 జంటలయందు ఇరువురికిని ఆటిజముండెను; భిన్నరూప కవలల 10 జంటలలో నొక్కదానియందును లేదు. మాటలోను, గ్రహణశక్తిలోను గల లోపములను గూడ గలిపి చూడగా, 11లో 9, 10లో 1 యని తేలెను. బంధువులయం దీ లక్షణములే తేలికగా గానవచ్చుట తరువాతి పరిశోధనలవలన స్థిరపడినది. కొందఱు పిల్లలయందు మాత్రము తల్లిదండ్రులలో లేని జన్యుమార్పు క్రొత్తగా గలుగును. కావున బోలిక యున్న యింటను నేరము లేదు. లేని యింటను లేదు.

ఇక రెండవ పక్షమువా రున్నారు. వీరు నిందింపరు, ఊఱడింతురు. ఆ యూఱడింపు నిందకంటె దక్కువ హాని చేయదు. "వాని తండ్రియు నైదేండ్లవఱకు మాటలాడలేదు, నేడు ఇంజనీరు కాలేదా? ఊరకుండుడు" అందురు. అయ్యా! పోలిక వేఱు, సమానత వేఱు. తండ్రికి మేళము బాధ; బిడ్డకు వీధిలోనికి వచ్చుటయే బాధ. తండ్రి యాలస్యముగానైనను మాటలాడెను. బిడ్డ యాకలి యని చెప్పలేక తలను గోడకు గొట్టుకొనుచున్నాడు. వానికి గావలసినది తండ్రి కథ గాదు. నోటిమాటకు బదులు బొమ్మను జూపి యడుగుట నేర్పు గురువు, అదియు నేడే. ఎదురుచూపులలో గడచిపోవు నేండ్లు బిడ్డవి, ఊఱడించినవారివి కావు.

మఱి యీ పోలిక యెందులకు? బిడ్డను దెలిసికొనుటకు. చెవులు మూసికొన్న బిడ్డను మొండివాడని కొట్టబోవు చేతిని బట్టుకొనవలసినవాడు, నాడు పెరటిలోనికి బాఱిపోయిన తండ్రియే. చొక్కా చీటీని గత్తిరింపవలసినది ఆ తల్లియే. బిడ్డ బాధకు వీరికంటె మంచి దుబాసీ లెవరు?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 వైకల్యములలో ఆటిజమును జేర్చినది. వైకల్యము నూటికి 40 పాళ్లకు దక్కువ గాదని ధ్రువపడిన పిల్లలకు 6 మొదలు 18 ఏండ్లవఱకు ఉచితవిద్యకు హక్కు నిచ్చినది. అయినను ధ్రువపత్రమునకు బోవుటకు గాళ్లు రావు. ఏల? అక్కకు బెండ్లి కావలెను! సంబంధము చెడునని తమ్ముని వెనుకగదిలో దాచుదురు. ఒక బిడ్డ పెండ్లికి మఱియొక బిడ్డ చదువును గట్నముగా నిచ్చుట గాక యిది మఱేమి?

చూపులకు వచ్చినవారు మీ యింట నిట్టివారు గలరా యని యడిగినచో, తండ్రి తలయెత్తి చెప్పవలెను: "కలడు, మా బిడ్డ. నా పోలికయే." ఆ మాట విని లేచిపోవు సంబంధము పోవుటయే మేలు.