నిర్లక్ష్యం ఎవరిది?

కెనడాలో మూలవాసీ కుటుంబాల నుంచి పిల్లల్ని తీసుకుపోయేటప్పుడు శిశు సంక్షేమ అధికారులు ఎక్కువగా చూపించే కారణం ఒకటుంది. కొట్టడం కాదు, లైంగిక హింస కాదు. 'నిర్లక్ష్యం'. ఈ మాట విప్పి చూస్తే లోపల ఏముంటుంది? కిక్కిరిసిన ఇల్లు, కారే కప్పు, తాగడానికి పనికిరాని నీళ్ళు, ఖాళీ వంటగది. రిజర్వుల్లో ఇళ్ళకీ నీళ్ళకీ బళ్ళకీ డబ్బివ్వాల్సింది ఫెడరల్ ప్రభుత్వం. అది చెయ్యని పనికి శిక్ష మాత్రం తల్లికి పడుతుంది. పేదరికాన్ని తల్లి గుణంగా మార్చి రాసే ఈ పద్ధతిని 'కుటుంబ సహాయ సేవలు' అని పిలవడం కన్నా పెద్ద అబద్ధం లేదు.

మానిటోబాలో విన్నిపెగ్ సరస్సు ఉత్తరపు కొసన ఉన్న నార్వే హౌస్ అనే క్రీ ఊరిని తీసుకుందాం. 1875లో అయిదో నంబరు ఒప్పందం మీద సంతకాలు జరిగిన చోట్లలో ఇదొకటి. భూమి తీసుకున్నందుకు బదులుగా రిజర్వుల్లో బళ్ళు నడుపుతామని ఆ ఒప్పందంలో రాణి పేరున మాట ఇచ్చారు. దాదాపు వందేళ్ళ తర్వాత కూడా ఆ ఊరి ఆడపిల్ల హెలెన్ బెట్టీ ఆస్బోర్న్ పై చదువు కోసం ఇల్లు విడిచి పోవాల్సి వచ్చింది. ముందు రెసిడెన్షియల్ స్కూలుకి, తర్వాత ద పా అనే పట్నంలో హైస్కూలుకి. టీచర్ కావాలన్నది ఆమె కోరిక. 1971 నవంబరులో నలుగురు తెల్ల యువకులు ఆమెని దారిలోంచి కారులో ఎత్తుకుపోయారు, ఆ రాత్రే ఆమెని చంపేశారు. అప్పటికి ఆమెకి 19 ఏళ్ళు. ఎవరు చేశారో పట్నంలో చాలామందికి తెలిసినా పదహారేళ్ళ దాకా విచారణ జరగలేదు. చివరికి 1987లో శిక్ష పడింది ఒక్కడికి. ఈ హత్యలో జాతి వివక్షనీ స్త్రీల పట్ల చిన్నచూపునీ విడదీయలేమని 1991లో మానిటోబా న్యాయ విచారణ సంఘం చెప్పింది. దానికి నేనొకటి చేరుస్తాను. ఊళ్ళో హైస్కూలు లేకపోవడం కూడా ఈ హత్యలో భాగమే. నార్వే హౌస్ బడికి ఇప్పుడు ఆమె పేరుంది.

అదే ఊరిలో మరో పేరు జోర్డన్ రివర్ ఆండర్సన్. 1999లో తీవ్రమైన వైద్య అవసరాలతో పుట్టాడు. రిజర్వులో ఆ సేవలు లేవు కాబట్టి, వైద్యం అందాలంటే బిడ్డని శిశు సంక్షేమ సంరక్షణకి అప్పగించడం తప్ప ఆ కుటుంబానికి దారి లేకపోయింది. రెండేళ్ళ వయసులో ఆస్పత్రి వదిలి వెళ్ళొచ్చని డాక్టర్లు చెప్పారు. అప్పుడు మొదలైంది తగువు. ఇంటి దగ్గర సంరక్షణ ఖర్చు ఎవరిది, ఫెడరల్ ప్రభుత్వానిదా, రాష్ట్రానిదా? రెండేళ్ళకి పైగా వాదించుకున్నారు. 2005లో, అయిదేళ్ళ వయసులో, ఒక్కరోజు కూడా సొంత ఇంట్లో గడపకుండానే ఆ బిడ్డ చనిపోయాడు. ఏ ఫైల్లోనూ దీన్ని నిర్లక్ష్యం అనలేదు. 'అధికార పరిధి వివాదం' అన్నారు. తల్లి చేస్తే నేరం, ప్రభుత్వం చేస్తే వివాదం!

ఇది ఎవరో గుమాస్తా కఠినత్వం వల్ల జరిగింది కాదు. డబ్బు కేటాయించే సూత్రమే అలా ఉండేది. బిడ్డని ఇంట్లోంచి తీసేస్తే పోషణ ఖర్చుని ఒట్టావా తిరిగి చెల్లించేది. అదే బిడ్డ తల్లి దగ్గరే ఉండేలా సాయపడటానికి మాత్రం చాలీచాలని డబ్బే ఇచ్చేది. ఈ లెక్కలో బిడ్డని తీసెయ్యడమే సులువైన పని అయ్యేది. 2007లో సిండీ బ్లాక్‌స్టాక్ నడిపే సంస్థ, ఫస్ట్ నేషన్స్ అసెంబ్లీ కలిసి దీనిమీద ఫిర్యాదు చేశాయి. ఇది వివక్షేనని మానవ హక్కుల ట్రిబ్యునల్ తేల్చడానికి 2016 జనవరి దాకా పట్టింది. ముందు సేవ అందించండి, ఖర్చు ఎవరిదో తర్వాత తేల్చుకోండి అనే 'జోర్డన్ సూత్రాన్ని' పార్లమెంటు 2007లోనే ఏకగ్రీవంగా ఒప్పుకుంది. పేరుకుపోయిన దరఖాస్తుల సంగతి చూడమని 2024లో కూడా ట్రిబ్యునల్ ఆదేశించాల్సి వచ్చింది.

2021 జనాభా లెక్కల ప్రకారం కెనడాలో పదిహేనేళ్ళలోపు పిల్లల్లో మూలవాసీ పిల్లలు 7.7 శాతం. పెంపుడు ఇళ్ళలో ఉన్న పిల్లల్లో వాళ్ళు 53.8 శాతం. దాదాపు లక్షా యాభైవేల మంది పిల్లల్ని తల్లుల నుంచి విడదీసిన రెసిడెన్షియల్ స్కూళ్ళలో చివరిది 1990ల్లో మూతపడింది. బడి చేసిన పనిని సంక్షేమ శాఖ అందుకుంది. కాన్పు అయిన వెంటనే తమకి తెలియజెయ్యమని సంక్షేమ శాఖ ఆస్పత్రులకి ముందే కబురు పంపే 'బర్త్ అలర్ట్' పద్ధతి మానిటోబాలో 2020 దాకా నడిచింది.

"మరి పిల్లల భద్రత సంగతేమిటి?" అని అడిగేవాళ్ళున్నారు. అడగాల్సిన ప్రశ్నే. క్రీ ఇళ్ళలో హింస లేదని ఎవరూ అనడం లేదు, ఆ స్త్రీలు అసలే అనడం లేదు. కానీ సంక్షేమ శాఖ ఆ హింసని తగ్గిస్తోందా? దెబ్బలు తిన్న స్త్రీ సాయం కోసం ఫోన్ చేస్తే ముందు వచ్చేది పిల్లల్ని తీసుకుపోయే అధికారి అయితే, ఆమె ఫోన్ చెయ్యదు. నోరు మూసుకుని దెబ్బలు తింటుంది. ఆమెకి భద్రత లేకుండా చేసి బిడ్డకి భద్రత ఎలా ఇస్తారు?

ఇక్కడ స్త్రీవాదులతోనూ తగువు పెట్టుకోక తప్పదు. మాతృత్వం పితృస్వామ్యం మోపిన భారమని మన విమర్శ చాలాకాలంగా చెబుతోంది. అది నిజమే. కానీ తల్లిగా ఉండే హక్కునే రాజ్యం లాగేసుకున్న స్త్రీలకి ఈ ఒక్క వాక్యం ఏం సాయపడుతుంది? పిల్లలు వద్దనుకునే హక్కు ఎంత ముఖ్యమో, కన్న పిల్లల్ని పెంచుకునే హక్కూ అంతే ముఖ్యం. రెండోదాన్ని వదిలేసిన స్త్రీవాదం, బిడ్డని ఎవరూ ఎత్తుకుపోరన్న ధీమా ఉన్నవాళ్ళ స్త్రీవాదం. ఇంకో చేదు నిజం కూడా ఉంది. ఆ గుమ్మాల్లోకి ఫైలు పట్టుకుని వెళ్ళిన సోషల్ వర్కర్లలో ఎక్కువమంది స్త్రీలే. చదువుకుని, ఉద్యోగం సంపాదించుకుని, స్వతంత్రంగా నిలబడ్డ స్త్రీలు. వాళ్ళ విముక్తికి ఇంకొకరి ఒడి ఖాళీ అయింది.

క్రీ భాషలో 'అమ్మ' అన్న మాట మామూలుగా ఎవరి అమ్మో చెబుతూనే వస్తుంది. నికావి అంటే నా అమ్మ, కికావి అంటే నీ అమ్మ. తల్లి చెల్లెల్ని పిలిచే 'నికావీస్' అన్న మాట అమ్మ మాటలోంచే పుట్టింది, అచ్చం మన చిన్నమ్మలాగా. మేనమామకీ మామగారికీ ఒకటే మాట, మేనత్తకీ అత్తగారికీ ఒకటే మాట. ఇలాంటి చుట్టరికంలో తల్లి జ్వరంతో పడుకుంటే బిడ్డ అనాథ కాదని మనకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు. సంక్షేమ శాఖ ఫారానికి మాత్రం అర్థం కాదు. దానికి కుటుంబం అంటే తల్లీ తండ్రీ, తలా ఒక పడకగదీ. గదులు చాలవని అమ్మమ్మని కాదంటారు, ఎక్కడో నగరంలో ముక్కూ మొహం తెలియని వాళ్ళకి జీతమిచ్చి అదే బిడ్డని అప్పగిస్తారు. ఆ డబ్బుతో అమ్మమ్మ ఇంటికి ఇంకో గది కట్టలేరా?

దారి లేక కాదు. 1970లో అల్బర్టాలో బ్లూ క్విల్స్ రెసిడెన్షియల్ స్కూలులో క్రీ తల్లిదండ్రులు బైఠాయించి, బడిని తమ చేతుల్లోకి తీసుకున్నారు. 1975 ఒప్పందం తర్వాత జేమ్స్ బే క్రీలు సొంత స్కూల్ బోర్డు పెట్టుకున్నారు. 2020లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ చట్టం కింద సస్కాచెవాన్‌లో కవెసెస్ ఫస్ట్ నేషన్ తన పిల్లల కోసం తన చట్టమే రాసుకుంది, అది 2021 ఏప్రిల్ నుంచి నడుస్తోంది. ఆ ఫెడరల్ చట్టం చెల్లుతుందని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అయితే ఆ చట్టంలో అధికారం ఉంది, డబ్బుకి హామీ లేదు. నిధులు లేకుండా ఇచ్చిన అధికారం, రేపు ఇంకో తల్లి మీద 'నిర్లక్ష్యం' అని రాసే పనిని క్రీ చేతికే అప్పగించడం తప్ప మరేమీ కాదు.

కాబట్టి అడగాల్సింది జాలి కాదు, కొత్త పథకమూ కాదు. బిడ్డని తీసుకుపోవడానికి ఎంత ఖర్చు పెడతారో, బిడ్డని ఇంట్లో ఉంచడానికీ అంత ఖర్చు పెట్టండి. హైస్కూలు ఆడపిల్ల ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరంలో కట్టండి. 'నిర్లక్ష్యం' అని రాసే ప్రతి ఫైల్లో ఆ ఇంటికి నీళ్ళూ కప్పూ ఇవ్వాల్సింది ఎవరో కూడా రాయండి. అప్పుడు ఎవరి పేరు మీద నేరం నిలుస్తుందో చూద్దాం.