పంటి రంగు సిమెంటు మేలా?

దవడ పంటిలో ఎప్పుడో పెట్టించుకున్న సిమెంటు నల్లబడి కనిపిస్తుంటే, దానిని తీయించి పంటి రంగుది పెట్టించుకోవాలని చాలామందికి అనిపిస్తుంది. తొందరపడేముందు ఈ పదార్థాల గుణదోషాలను తెలుసుకోవడం మంచిది.

‘వెండి సిమెంటు’ అని వాడుకలో ఉన్న అమాల్గంలో దాదాపు సగం పాదరసమే. తక్కినది వెండి, తగరం, రాగి పొడి. ఇది చవక, గట్టిది. పెట్టేటప్పుడు కొద్దిగా తడి తగిలినా ఓర్చుకుంటుంది. అయితే పంటికి తానుగా అంటుకోదు. అది ఊడిరాకుండా గుంట అడుగును వెడల్పు చేయడానికి కొంత మంచి పంటిని కూడా తొలచవలసి వస్తుంది.

ఈ ఇబ్బందిని తొలగించే మార్గం 1955లో దొరికింది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో పంటి పైపొరను గరుకు చేస్తే రెజిన్ దానిని గట్టిగా పట్టుకుంటుందని అమెరికా దంతవైద్యుడు మైకేల్ బ్యూనోకోర్ నిరూపించాడు. 1962లో రాఫెల్ బోవెన్ పేటెంటు పొందిన రెజిన్ నేటి కాంపోజిట్‌కు పునాది అయింది. అందులో సన్నని గాజు రేణువులు కలిసి ఉంటాయి. నీలికాంతి సోకిన కొన్ని సెకన్లలో అది గట్టిపడుతుంది.

కాంపోజిట్‌కూ లోపాలున్నవి. గట్టిపడుతూ అది కొంచెం కుంచించుకుపోతుంది. అంచున సందు ఏర్పడితే అక్కడ మళ్ళీ పిప్పి మొదలవుతుంది. ఉమ్మి తగిలితే అతుకు నిలవదు. అందుకే పంటిని పొడిగా ఉంచి, పొరలు పొరలుగా పెట్టాలి. నమిలే పళ్ళలోని పెద్ద గుంటలలో ఇది సాధారణంగా అమాల్గం అంతకాలం మన్నదు.

మూడవది గ్లాస్ అయొనోమర్. లండన్‌లో విల్సన్, కెంట్ అనే శాస్త్రజ్ఞులు 1970ల ఆరంభంలో దీనిని రూపొందించారు. ఇది పంటికి తానే అంటుకుంటుంది, ఫ్లోరైడును కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. కాని త్వరగా అరిగిపోతుంది. పాలపళ్ళకు, నమిలే ఒత్తిడి తక్కువగా ఉండే చోట్లకు అనువైనది.

పాదరసం నీటిని, నేలను కలుషితం చేస్తుంది గనుక అమాల్గం వాడకాన్ని తగ్గించాలని 2013 నాటి మినమాటా ఒప్పందం నిర్దేశించింది. భారతదేశం 2018లో దానిని ధ్రువీకరించింది. ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుండి, వైద్యపరంగా తప్పనిసరైన సందర్భాలలో మినహా, అమాల్గాన్ని నిషేధించింది. గర్భిణులకు, ఆరేళ్ళలోపు పిల్లలకు వీలైనంతవరకు దీనిని కొత్తగా పెట్టరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో సూచించింది.

అయితే చెక్కుచెదరని పాత సిమెంటును తీయించవద్దని కూడా ఆ సంస్థే చెప్పింది. తొలిచేటప్పుడు పాదరసపు ఆవిరి వెలువడుతుంది, మంచి పన్ను కొంత పోతుంది. కనుక అంచులు బిగువుగా ఉండి, నొప్పి లేకుంటే, నల్లని సిమెంటును అలాగే ఉండనివ్వడం మేలు. అది పగిలినా, పక్కన పిప్పి పట్టినా అప్పుడు మార్పించుకోవచ్చు. తొలిచిన పన్ను తిరిగి పెరగదు.