మేడారానికి బ్యాగ్ సర్దుతున్నారా? నెట్‌వర్క్ లేదనుకునే సర్దండి

యూట్యూబ్‌లో 'ఫెస్టివల్ ప్యాకింగ్ లిస్ట్' అని కొట్టి చూడండి. గ్లాస్టన్‌బరీ, కోచెల్లా వీడియోలు వరసగా వస్తాయి. పాప్-అప్ టెంట్, మడత పెట్టే సోలార్ ప్యానెల్, బ్లూటూత్ స్పీకర్, టెంట్ చుట్టూ కట్టే ఎల్‌ఈడీ లైట్ల దండ... చూడ్డానికి భలే ఉంటాయి. కానీ మన ఖమ్మం, మణుగూరు, భద్రాచలం వైపు జనం అడవిలో గుడారం వేసుకుని, మూడు రాళ్ల పొయ్యి మీద వండుకుని, రాత్రంతా డోలు చప్పుడు వింటూ గడిపే చోటు ఇంకొకటి ఉంది. అదే మేడారం.

ముందే ఒక మాట. మేడారం మ్యూజిక్ ఫెస్టివల్ కాదు. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జరిగే కోయ ఆదివాసీల జాతర. జనం అక్కడికి మొక్కు తీర్చుకోడానికి వెళ్తారు. కాకపోతే బ్యాగ్ సర్దుకునే లెక్కలో చూస్తే అంతకన్నా పెద్ద క్యాంపింగ్ మనకి ఇంకోటి లేదు. గ్లాస్టన్‌బరీకి వచ్చేది సుమారు 2 లక్షల మంది. మేడారానికి ఆ నాలుగు రోజులూ, వాటి ముందూ వెనకా కలిపి కోటి మందికి పైగా వస్తారని అధికారుల అంచనా. అదీ ఏటూరునాగారం అభయారణ్య ప్రాంతంలో ఉన్న ఒక చిన్న ఊరికి.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. ఈ జాతరకి గ్యాడ్జెట్లు కొనే మనలాంటి వాళ్లం చేసే పెద్ద తప్పు ఒకటే. నెట్‌వర్క్ ఉంటుందన్న నమ్మకంతో బ్యాగ్ సర్దుతాం. నేనూ అలాగే సర్దాను. ఆ తప్పు ఖరీదు దాదాపు నాలుగు గంటలు.

అమ్మమ్మ కనపడలేదు

2024 జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. మేం ఖమ్మం నుంచి ఏడుగురం వెళ్లాం. రెండో రోజు, అంటే చిలకలగుట్ట నుంచి సమ్మక్కని గద్దె మీదికి తీసుకొచ్చే రోజు, సాయంత్రం జంపన్న వాగు నుంచి గద్దెల వైపు నడుస్తున్నాం. ఒక్కసారిగా జనం తోసుకొచ్చారు. వెనక్కి తిరిగి చూస్తే మా అమ్మమ్మ లేదు.

నేను కంగారుపడలేదు. ఎందుకంటే 'ప్రిపేర్డ్'గా ఉన్నా కదా! అమ్మమ్మ చేతిసంచిలో నా పాత స్మార్ట్‌ఫోన్ ఉంది. సంచికి ట్రాకర్ ట్యాగ్ కూడా కట్టాను. ఫోన్ చేశా, కలవలేదు. మళ్లీ చేశా, కలవలేదు. సిగ్నల్ మాత్రం నాలుగు గీతలు చూపిస్తోంది. ట్రాకర్ యాప్ తెరిస్తే రెండు గంటల కిందటి లొకేషన్ దగ్గరే ఆగిపోయింది. అప్పుడు మొదలైంది కంగారు. ఆవిడకి డెబ్బై రెండేళ్లు, షుగర్ మాత్రలేమో మామయ్య దగ్గర ఉన్నాయి.

మేం ముగ్గురం మూడు దిక్కులకి వెళ్లాం. పిన్ని తప్పిపోయినవాళ్ల కేంద్రానికి వెళ్లి మైకులో పేరు చెప్పించింది. చివరికి రాత్రి పది దాటాక, మేం వంట చేసుకున్న చోటే, ఆ చెట్టు మొదట్లోనే అమ్మమ్మ కూర్చుని కనిపించింది. పక్క గుడారం వాళ్లు ఇంత అన్నం కూడా పెట్టారు.

"పొద్దున్నే చెప్పిన గదరా, తప్పిపోతే ఈ చెట్టు కాడికే రమ్మని. మీరెవరూ ఇన్లేదు. ఆ డబ్బాలల్లనే చూసుకుంట ఉన్నరు" అంది.

నిజమే. పొద్దున ఆవిడ ఆ మాట చెప్తున్నప్పుడు నేను ట్రాకర్‌ని ఫోన్‌కి జత చేస్తున్నా.

ఎందుకు పనిచేయలేదు?

ఇంటికొచ్చాక దీని గురించి చదివితే, నేను కొన్న ఏ వస్తువులోనూ లోపం లేదని అర్థమైంది. లోపం నా లెక్కలోనే ఉంది.

ఫోన్ మీద కనిపించే గీతలు టవర్ సిగ్నల్ మీ దాకా ఎంత బలంగా వస్తోందో చెప్తాయి, అంతే. ఆ టవర్ దగ్గర మీకు చోటు ఉందో లేదో చెప్పవు. ఒక సెక్టార్‌కి ఉండే స్పెక్ట్రమ్‌ని అక్కడున్న వాళ్లందరూ పంచుకోవాలి. లక్షల మంది ఒకేసారి 'ఎక్కడున్నావ్' అని ఫోన్ చేస్తే, ఫుల్ సిగ్నల్ ఉండి కూడా కాల్ వెళ్లదు. జాతరకి తాత్కాలిక టవర్లు పెడతారు, నిజమే. తెల్లవారుజామున నాకు వాట్సాప్ మామూలుగానే నడిచింది. కానీ మనకి ఫోన్ అత్యవసరమయ్యేది జనం ఒత్తిడి ఎక్కువున్నప్పుడు. నెట్‌వర్క్ చేతులెత్తేసేదీ అప్పుడే.

ట్రాకర్ ట్యాగ్ కథ ఇంకా చిత్రం. ఎయిర్‌ట్యాగ్ లాంటి వాటిలో జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు. అది బ్లూటూత్‌లో చిన్న సంకేతం పంపిస్తుంటుంది. దగ్గర్లో ఉన్న ఎవరిదో ఫోన్ దాన్ని విని, ఇంటర్నెట్ ద్వారా లొకేషన్ పైకి పంపాలి. చుట్టూ వేల ఫోన్లున్నా, వాటిలో దేనికీ డేటా నడవకపోతే ఆ ట్యాగ్ మూగదే. జనం ఎక్కువుంటే బాగా పనిచేస్తుందని మనం అనుకుంటాం. డేటా నడిచినంతవరకే ఆ మాట నిజం.

మరి ఏం సర్దుకోవాలి?

ప్రతి వస్తువునీ ఒకే ప్రశ్న అడగండి: నెట్ లేకుండా నువ్వు పనిచేస్తావా? అవునంటేనే బ్యాగులోకి.

కాగితం: ఇంట్లో ప్రతి ఒక్కరి జేబులో, పిల్లలైతే చొక్కా లోపల, పేరు, ఊరు, మూడు ఫోన్ నంబర్లు, వాడే మందులు రాసిన చీటీ ఉండాలి. పాలిథిన్ కవర్లో పెట్టి పిన్నుతో కుట్టేయండి. మీ అమ్మ నంబర్ మీకు నోటికి వచ్చా? నాకు రాదు. ఫోన్ ఆగిపోతే మన పరిస్థితి అది.

పొడుగు కర్ర, రంగు గుడ్డ: ఇది అమ్మమ్మ సలహా. వాళ్ల చిన్నప్పుడు ఎడ్ల బండి మీద వెళ్తే, బండి దగ్గర కర్ర పాతి దానికి చీర ముక్క కట్టేవాళ్లట. ఎంత దూరం నుంచైనా 'మన బండి అదిగో' అని తెలియాలని. రాత్రికి దాని పైన రీఛార్జబుల్ ఎల్‌ఈడీ లైటు కట్టండి. మీ గుడారానికి ఇంతకు మించిన లొకేషన్ షేరింగ్ లేదు.

ఆఫ్‌లైన్ మ్యాప్: జీపీఎస్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోన్ నేరుగా ఉపగ్రహాల సంకేతాలు అందుకుంటుంది. డేటా లేకపోతే మొదటిసారి లొకేషన్ పట్టడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. కాబట్టి ఇంటి దగ్గరే ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారం ప్రాంతం మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి. భద్రాచలం వైపు నుంచి మణుగూరు, మంగపేట మీదుగా వచ్చేవాళ్లు ఆ దారి కూడా కలుపుకోండి. గుడారం వేయగానే ఆ చోటుని పిన్ చేయండి.

పవర్ బ్యాంక్: డబ్బా మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని నాలుగుసార్లు ఛార్జ్ చేయొచ్చనుకోకండి. ఆ అంకె లోపలి సెల్ 3.7 వోల్టుల లెక్కలోది, అంటే 74 వాట్ అవర్లు. వోల్టేజి మార్పిడిలో, వేడిలో కొంత పోతుంది. చేతికి వచ్చేది రెండున్నర ఛార్జింగులు, బాగుంటే ఇంకొంచెం. వెనక చిన్న అక్షరాల్లో 'రేటెడ్ కెపాసిటీ' అని ఉంటుంది, నమ్మాల్సింది దాన్నే. ఏడుగురికి ఒక పవర్ బ్యాంక్ చాలదు. అందుకే ఒక పద్ధతి: ఒకసారికి ఇద్దరి ఫోన్లే ఆన్‌లో ఉండాలి, అవీ వేర్వేరు కంపెనీల సిమ్‌లతో. మిగతావి ఫ్లైట్ మోడ్‌లో. సిగ్నల్ కోసం వెతుక్కునే ఫోన్ బ్యాటరీని ఎంత వేగంగా తాగేస్తుందో అక్కడికెళ్తే మీకే తెలుస్తుంది.

బటన్ ఫోన్: పెద్దవాళ్ల చేతికి స్మార్ట్‌ఫోన్ ఇవ్వకండి. ఛార్జింగ్ రోజులకొద్దీ ఉండే బటన్ ఫోన్, స్పీడ్ డయల్‌లో రెండు నంబర్లు చాలు. కాల్ కలవకపోతే ఎస్ఎంఎస్ పంపండి. కాల్‌లా గట్టి లైను అక్కర్లేదు, కాస్త సందు దొరికినా ఆలస్యంగానైనా వెళ్తుంది.

నగదు: యూపీఐ లైట్‌కి పిన్ అక్కర్లేదు గానీ, క్యూఆర్ స్కాన్ చేసి కట్టాలంటే నెట్ కావాలి. బెల్లం కొట్టు దగ్గర లైన్లో నిలబడి చక్రం తిరగడం చూస్తుంటే వెనకవాళ్లు ఊరుకోరు. చిల్లర నోట్లు రెండు చోట్ల విడివిడిగా పెట్టుకోండి.

హెడ్‌ల్యాంప్: ఫోన్ టార్చ్ వాడితే ఒక చెయ్యి పోతుంది, బ్యాటరీ కూడా పోతుంది. మూడు నాలుగు వందల ల్యూమెన్లుంటే ఎక్కువే.

ఏం వదిలేయాలి?

ఐపీ67 ఉంది కదా అని ఫోన్‌తో జంపన్న వాగులో దిగే సాహసం వదిలేయండి. ఆ రేటింగ్ అర్థం, ల్యాబ్‌లో కదలని మంచినీళ్లలో, మీటరు లోతులో, అరగంట. జాతర రోజుల్లో వాగులో బురద, పసుపు, కుంకుమ, సబ్బు అన్నీ ఉంటాయి. పైగా నీళ్లు పోయి పాడైతే చాలా కంపెనీల వారంటీ వర్తించదు. పది రూపాయల జిప్ కవర్ చాలు.

ఆన్‌లైన్‌లో కనిపించే చవక వాకీటాకీలు కూడా చూసి కొనండి. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోగలిగేది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య, తక్కువ పవర్ సెట్లు మాత్రమే. మిగతావి వాడటం చట్టవిరుద్ధం. పోలీసు, రెస్క్యూ సిబ్బంది రేడియోలకి మన సెట్టు అడ్డు తగిలితే, ఇంకెవరి అమ్మమ్మనో వెతకడం ఆలస్యమవుతుంది. అనుమతి లేని డ్రోన్ సంగతి చెప్పక్కర్లేదు. అది ఇంట్లోనే ఉండనివ్వండి.

ఇక బ్లూటూత్ స్పీకర్. దీని మీద నాతో గొడవపడే ఫ్రెండ్స్ ఉన్నారు. 'అడవిలో క్యాంపింగ్ అంటే పాటలుండాలి కదా బ్రో' అంటారు. ఉండాలి, ఉన్నాయి కూడా. పాటలు మనం మోసుకెళ్లక్కర్లేదు. మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలు వాయిస్తూ సమ్మక్క-సారలమ్మ కథని, కోయల వంశ చరిత్రలని నోటి నుంచే పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన పోయారు. అలా పాడేవాళ్లు ఎంతమంది మిగిలారన్నది వేరే చర్చ. కానీ ఆ డోలు మోగే చోట మన స్పీకర్‌లో సినిమా పాట పెట్టడం నాకు సిగ్గుగా అనిపిస్తుంది.

స్పీకర్ బదులు ఆ చోట్లో చిన్న ఆడియో రికార్డర్ పెట్టుకోండి. లేదా ఫోన్‌లోనే లెవెల్ చేత్తో మార్చుకునే రికార్డింగ్ యాప్ వేసుకోండి. ఫోన్ మామూలు సెట్టింగ్స్ మాట కోసం తయారుచేసినవి. డోలు దెబ్బ పడగానే సౌండ్‌ని తనంతట తనే తగ్గించేస్తుంది, 'నాయిస్' అనుకుని కోసేస్తుంది. నాయిస్ రిడక్షన్ ఆపేసి, లెవెల్ తగ్గించి, నాలుగడుగులు వెనక్కి నిలబడి తీయండి. ముఖ్యంగా, వాయించేవాళ్లని అడిగి తీయండి. వాళ్లు వద్దంటే ఫోన్ జేబులో పెట్టుకుని వినండి.

మన రివ్యూల సంగతీ చూసుకోవాలి

చివరగా, మాలాంటి రివ్యూ రాసేవాళ్ల తప్పు కూడా ఒప్పుకోవాలి. మేం ఫోన్లనీ ట్రాకర్లనీ వైఫై ఉన్న గదిలో, ఛార్జర్ పక్కన పెట్టుకుని పరీక్షిస్తాం. పదికి ఎనిమిది, తొమ్మిది మార్కులు వేసేస్తాం. నెట్ లేని చోట, చీకట్లో, చేతులు తడిగా ఉన్నప్పుడు, డెబ్బై ఏళ్ల మనిషి చేతిలో అది ఎన్ని మార్కులు తెచ్చుకుంటుందో రాయం. ఇకపై నా రివ్యూల్లో ఆ ప్రశ్న ఉంటుంది. ఉండకపోతే కామెంట్లలో నిలదీయండి.

తర్వాతి జాతరకి కూడా నేను ట్రాకర్ తీసుకెళ్తా. పనిచేస్తే మంచిదే. కానీ మేడారంలో బండి దిగగానే మొదట చేసే పని ఫోన్ తీయడం కాదు. అందరినీ నిలబెట్టి, ఒక చెట్టు చూపించి, తప్పిపోతే ఇక్కడికే రావాలని చెప్పడం. అమ్మమ్మ చెప్తే ఇంకా మంచిది, ఈసారి వింటాను.