కోటి రూపాయల పథకం, గడప దాటని విద్యార్థి

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం దొనకొండలో విమానాల కోసం నిర్మించిన రన్‌వే నేటికీ ఉంది. ఎగిరే విమానమే లేదు. మైనారిటీల విదేశీ విద్యా పథకాలను చూసినప్పుడల్లా నాకు ఆ రన్‌వేయే గుర్తుకు వస్తుంది.

వార్షికాదాయం 6 లక్షలు మించని మైనారిటీ కుటుంబాల పిల్లలు విదేశాలలో ఉన్నత విద్యకై తీసుకున్న రుణాలపై, చదువుకాలపు వడ్డీని 'పఢో పర్‌దేశ్' కింద కేంద్రమే భరించేది. అందులో 35 శాతం ఆడపిల్లలకు కేటాయించారు. 2022-23 నుంచి దానిని ఎత్తివేశారు. మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌కూ అదే గతి పట్టింది.

మన రాష్ట్రంలో 2022లో వచ్చిన 'విదేశీ విద్యా దీవెన' కోటి రూపాయలకు మించి ఫీజు ఇస్తామన్నది. అయితే ప్రపంచ ర్యాంకులలో పైవరుసన ఉన్న విశ్వవిద్యాలయంలో సీటు సాధించాలని షరతు పెట్టింది. ప్రతిభకు పట్టం కట్టడం తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. కానీ మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల ఉర్దూ బడులలో చదివిన పిల్లలలో ఎందరికి ఆ వాకిలి తెరుచుకుంది? ప్రభుత్వ గుమాస్తాగా పనిచేసినవాడిని. నిబంధన బిగిస్తే 'అర్హులు లేరు' అని ఫైలు ముగించడం ఎంత తేలికో ఎరుగుదును.

జర్మనీనే తీసుకోండి. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో అత్యధికం బోధనా రుసుము వసూలు చేయవు. అయితే వీసా కోసం ఏడాది జీవనవ్యయంగా 11,904 యూరోలు, అంటే 10 లక్షల రూపాయలకు పైగా, ముందుగా ఖాతాలో చూపాలి. కోటి అక్కరలేని ఆ విద్యార్థికి, ర్యాంకు లేదన్న కారణంతో ఆ పథకం కింద పది లక్షలైనా దక్కలేదు. ఇక మిగిలింది వడ్డీ రుణం. వడ్డీ హరామ్ అని నమ్మే తండ్రి ముందు దీనా, బిడ్డ చదువా అన్న ప్రశ్న నిలుస్తుంది. పౌరుణ్ణి అలాంటి సంకటంలోకి నెట్టే విధానాన్ని సంక్షేమం అనలేము.

కనుక మన కోరికలు స్పష్టం. కేంద్రం వడ్డీ రాయితీని పునరుద్ధరించాలి. రాష్ట్రం అలాంటి ర్యాంకుల నిబంధన పెట్టకుండా, ఒకరికి కోటి బదులు పదిమందికి పది లక్షల చొప్పున వడ్డీలేని రుణం ఇవ్వాలి.

సోదర సోదరీమణులారా, మన వంతు కూడా ఉంది. షాదీఖానాలలో ఒక్క పూట దావత్‌కు లక్షలు వెచ్చించే మనం, ప్రతి మస్జిద్ కమిటీ వద్ద ఒక ఖర్జె హసనా నిధిని నిలబెట్టలేమా? చదివి స్థిరపడిన బిడ్డ తీర్చే సొమ్ముతో మరో బిడ్డ బయలుదేరుతుంది. ప్రభుత్వాన్ని నిలదీసే మన గొంతుకు అప్పుడే బలం.