మునిగిన నారుకు టానిక్ కొట్టకండి

హిమాయత్‌సాగర్ గేట్లెత్తితే పురానాపూల్ దగ్గర జనం గుమిగూడి మూసీని చూస్తారు. ఆ నీళ్లు అక్కడితో ఆగవు. పోచంపల్లి, వలిగొండ వైపు వరి మళ్ల మీదికి పోతాయి. పాతబస్తీలో ఉంటూ అటువైపు మడి కౌలుకిచ్చినవాళ్లు, అక్కడ అన్నదమ్ములున్నవాళ్లు దయచేసి ఈరోజే ఫోన్ చేయండి. మునిగిన నారుకు ఎదుగుదల మందు వద్దని చెప్పండి.

నీళ్లలోంచి ఆకు కొసలు తేలగానే నారు తేరుకుందని సంబరపడతాం. ప్రమాదం అక్కడే ఉంది. మొక్కలో పుట్టే ఎథిలీన్ వాయువు గాలిలోకి పోవాలి. నీళ్లలో వాయువుల కదలిక దాదాపు 10,000 రెట్లు నెమ్మది, అందుకే అది లోపలే పేరుకుంటుంది. దాంతో ఎదుగుదలకు కళ్లెం వేసే ఆబ్సిసిక్ ఆమ్లం తగ్గి, కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ రెచ్చిపోతుంది. అసలే మూసీ నీళ్లు మురికివి, వెలుతురు లోపలికి దిగదు. మొక్క దాచుకున్న పిండిపదార్థమంతా ఈ సాగుడుకే ఖర్చవుతుంది. నీళ్లు తీశాక పాలిపోయి, సన్నగా సాగిన నారు బురదలో వాలిపోతుంది. దానిమీద జిబ్బరెల్లిక్ యాసిడ్ ఉన్న టానిక్ కూడా కొడితే చావును తొందరపెట్టినట్టే. దుకాణదారు మేలు కోరే ఇస్తాడు, కాదనను. అయినా తీసుకోకండి.

ఒడిశా పాత వరి రకం ఎఫ్‌ఆర్13ఏ మాత్రం ఇలా సాగదు, మునిగితే ఎదుగుదల ఆపి, ఓపిక పడుతుంది. ఆ గుణాన్నిచ్చే సబ్1ఏ జన్యువును 2006లో గుర్తించారు. మన మారుటేరు వరి రకం స్వర్ణలోకి దాన్ని తెచ్చిన స్వర్ణ సబ్-1 2009లో విడుదలైంది. రెండు వారాల మునకను సైతం చాలావరకు తట్టుకుంటుంది.

కానీ ఆ రకమే వేశాం కదా అని, విత్తనం వెదజల్లిన మడిలో నీళ్లు నిలవనివ్వకండి. మొలకెత్తే దశలో మునకకు ఆ జన్యువు అక్కరకు రాదు. నీళ్లు నిలిచిన మడిలో గింజను తీసి చూడండి: తెల్లటి దారంలా మొలక సాగి ఉంటుంది, వేరు మాత్రం ఉండదు. వెంటనే గట్టు తెగ్గొట్టి నీళ్లు తీసేయండి.

నారు మునిగితే నీళ్లు తీశాక నాలుగు మొక్కలు పీకి మొదలు నొక్కండి. మెత్తబడి కంపు కొడితే ఆ మొక్క పోయినట్టే. గట్టిగా ఉంటే కొన్ని రోజులు ఆగండి. ఆరోజే యూరియా చల్లకండి. కొత్త ఆకు, తెల్లవేరు కనిపించాక ఊళ్లో వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) అడిగి వేయండి.